బిడ్డ పుట్టకముందే చెప్పాల్సిన మాటలు

కప్పగల్లు,
14 జూన్ 2024

అత్తకు నీ మేనకోడలు లోయిస్ వందనాలు.

ఫోన్ చేస్తే నీకు వినిపించదు. మెసేజ్ పెడితే అక్షరాలు చీమల్లా ఉన్నాయంటావు. చెవికి మిషను పెట్టుకోమంటే అందులో గాలి హోరు తప్ప ఏమీ లేదంటావు. ఇక కాగితమే గతి. మా ఆయన, మీ అల్లుడు దయాసాగర్ కంపెనీ బస్సెక్కి రోజూ తోరణగల్లు వస్తూనే ఉన్నాడు కాబట్టి, డ్యూటీ దిగాక మీ క్వార్టర్సులో ఈ ఉత్తరం ఇచ్చి వస్తాడు. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు.

నా తల పగిలిపోతోంది అత్తా. నువ్వు ముప్పై నాలుగేళ్లు కాన్పులు చేసినదానివి. నీకు కాక ఎవరికి చెప్పుకోను?

మా ఆస్పత్రిలో గురువారం గురువారం గర్భిణులకు పరీక్షలు చేస్తాం. కొత్తగా వచ్చిన డాక్టరుగారు నన్ను పిలిచి, "బరువు, బీపీ చూసి పంపేస్తే ఎట్లా సిస్టర్? ఇంట్లో చిన్నపిల్లలకు దెబ్బలు తగలకుండా, కాలకుండా, మునగకుండా ఏం చేయాలో అరగంట చెప్పండి. బిడ్డ పుట్టాక వాళ్లకు వినే తీరిక ఉండదు" అన్నాడు. మంచి మాటే. ఆయన చెప్పి గదిలోకి పోయాడు. ఇరుక్కున్నది నేను.

నిన్న మొదటి తరగతి. పదకొండు మంది గర్భిణులు, వాళ్ల వెంట ఆరుగురు అత్తలు. రాత్రంతా కూర్చుని గీసిన బొమ్మల పటం గోడకు తగిలించాను. వేడినీళ్ల బకెట్, మంచం మీంచి పడుతున్న పాప, కూల్‌డ్రింకు సీసాలో పోసిపెట్టిన కిరోసిన్, గొంతులో అడ్డంపడిన శెనగ్గింజ. రెండో బొమ్మ దాటకముందే రూపనగుడి హనుమక్క లేచి నిలబడింది. వాళ్లకు పొలాలున్నాయి, టిప్పర్లున్నాయి, ఊళ్లో మాట చెల్లుతుంది. చిన్నకోడలు హిమజకు ఆరో నెల.

"ఏం నర్సమ్మా, బిడ్డ ఇంగా భూమ్మీద పడనే లేదు. అప్పుడే కాలింది, మునిగింది అంటాండావే! నీ నోట్లో ఒక ఒళ్లే మాట, మంచి మాట రాదా? లెయ్ హిమజా, పోదాం."

కోడలి చెయ్యి పట్టి బయటికి తీసుకుపోయింది. ఆమె వెనకే మరో ముగ్గురు. మిగిలినవాళ్లు పొట్ట మీద కొంగు కప్పుకుని నన్ను దయ్యాన్ని చూసినట్టు చూశారు. కన్నబిడ్డకు కాలకుండా చూసుకో అంటే అపశకునమట! కాలాక వస్తే అప్పుడు కుయ్యో మొర్రో.

నువ్వెలా చెప్పేదానివో రాయి. పెళ్లయిన పదేళ్లకు నీ కోడలు రజని కడుపు పండింది, ఇప్పుడు ఐదో నెల కదా. మీ టౌన్‌షిప్‌లో నీళ్లు వచ్చినప్పుడే పట్టుకోవాలి. బకెట్లన్నీ నింపి పెట్టుకుంటారేమో. మీ కాలంలో ఇవన్నీ ఎవరూ చెప్పి ఉండరు గానీ, జానెడు నీళ్లున్నా పాకే బిడ్డ మునగడానికి చాలు. ఇప్పటినుంచే మూతలు కొనమని కెన్నెత్‌కు చెప్పు.

నీ లోయిస్

---

తోరణగల్లు,
17 జూన్

లోయీకి,

ఉత్తరం అందింది. బకెట్ల ముక్కా అందింది. మా ఇంటి బకెట్ల సంగతి నీకు ఎవరు మోశారు? ఉత్తరం ఇవ్వడానికి వచ్చిన అల్లుడు కాఫీ తాగి పోతాడనుకున్నాను. నీళ్ల గది కూడా చూసి పోతాడని తెలియదు. "మీ కాలంలో ఎవరూ చెప్పి ఉండరు" అని రాశావు. మా కాలంలో మాకు ఏం తెలుసో, ఏం తెలియదో నీకేం తెలుసు?

ఇక నీ తరగతి సంగతి. తప్పంతా నీదే.

కడుపుతో ఉన్న మనిషికి భయం చెప్పకూడదు, పని చెప్పాలి. మొదటి మాటే "కాలుతుంది" అంటే ఏ అత్త ఊరుకుంటుంది? ఆ హనుమక్క స్థానంలో నేనున్నా లేచి పోయేదాన్ని. రెండోది, ఎవరికి చెబుతున్నావు? కోడలికి. ఆ ఇంట్లో వేడినీళ్లు ఎక్కడ దించాలి, మందు సీసా ఏ గూట్లో పెట్టాలి అనేది కోడలి చేతిలో ఉందా? ఇల్లు అత్తది. అత్తలను పట్టు. మూడోది, ఆ పటం చుట్టి అటక మీద పెట్టు. పాకే బిడ్డకు ఇల్లు ఎలా కనిపిస్తుందో ఆ బిడ్డ ఎత్తుకు దిగితేనే తెలుస్తుంది. వాళ్లను కింద కూర్చోబెట్టు, మోకాళ్ల మీద పాకించు. గర్భిణులను కాదు తల్లీ, అత్తలను! విడమరచి రాయకపోతే నువ్వు నిండుచూలాళ్లను పాకించినా పాకిస్తావు.

రజని బాగుంది. పుల్లమామిడి అడుగుతోంది. నా కీళ్లనొప్పులు అడగకు.

సామ్రాజ్యం

---

కప్పగల్లు,
28 జూన్

అత్తకు వందనాలు.

మీ అల్లుడు నీళ్ల గది చూడలేదు, బకెట్లు చూడలేదు. కాఫీ కూడా సగమే తాగాడట, చక్కెర లేదని. బకెట్ల మాట నేనే ఊహించి రాశాను. టౌన్‌షిప్‌లో అందరూ నింపుకుంటారు, మీరూ నింపుకుంటారనుకున్నాను. అందులో అంత కోపం తెచ్చుకోవలసిందేముంది? రజనికి కూడా అదే మాట వాయిస్ మెసేజ్ పెట్టాను. ఆమె చక్కగా "సరే అక్కా" అంది.

నువ్వు చెప్పినట్టే నిన్న అత్తలను పట్టాను. "అమ్మా, మీరంతా పిల్లల్ని పెంచినవాళ్లు, నాకు మీరే నేర్పించాల. పాకే బిడ్డకు ఈ గదిలో ఏమేం చేతికి అందుతాయో పాకి చూపించండి" అన్నాను. ముందు నవ్వారు. తర్వాత కప్పగల్లు బసవ్వ చీర దోపుకుని మోకాళ్ల మీదికి దిగింది. ఆ వెనక ఇంకో నలుగురు. కోడళ్లు బెంచీల మీద కూర్చుని పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. బసవ్వ నేరుగా నా బల్ల కిందికి దూరి అరిచింది:

"ఓయమ్మా, ఈడ చూడండే! నర్సమ్మ బల్ల కిందనే ఫినాయిలు సీసా ఉండాది! మూత కూడా ల్యా! మాకు చెప్పేకి వచ్చినాది!"

నా ముఖం ఎక్కడ పెట్టుకోను? కానీ అక్కడినుంచి తరగతి తనంతట తానే నడిచింది. మా ఇంట్లో ఎలుకలమందు మంచం కింద ఉందని ఒకామె, పొలానికి కొట్టే మందు సారాయి సీసాలో పోసి పెడతాడు మా మొగుడని ఒకామె. నేను నోరు తెరవకముందే వాళ్లే చెప్పుకున్నారు.

హనుమక్క మాత్రం వచ్చింది, కుర్చీ దిగలేదు. "నలుగుర్ని కన్న్యాను. ఒక్కరికి గీటు పడల్యా. ఈ వయసులో అంబాడేకి నేనేమన్నా పసిబిడ్డనా?" అని, సగంలో మళ్లీ హిమజను లేపుకుని పోయింది. ఆటో వచ్చేదాకా ఇద్దరూ కిటికీ బయట మెట్ల మీదే కూర్చున్నారు. అంతసేపు కూర్చున్నవాళ్లు లోపలే కూర్చుంటే ఏం పోతుంది?

చెవులు పనిచేయని ముసలివాళ్లతో వేగడం నా వల్ల కాదు అత్తా. వాళ్లతో చెప్పడం కంటే గోడతో చెప్పుకోవడం నయం.

నీ లోయిస్

---

తోరణగల్లు,
1 జూలై

లోయిస్‌కు,

చెవులు పనిచేయని ముసలిదాన్నని ఒప్పుకుంటున్నాను. వేగనవసరం లేదు. గోడతో చెప్పుకో.

రజనికి మెసేజ్ పెట్టానని నువ్వే రాశావు. ఆ పిల్ల నిన్న నా దగ్గరకొచ్చి కాగితం మీద రాసి అడిగింది: "అత్తయ్యా, మన ఇంట్లో బకెట్లు ఎందుకు ఎప్పుడూ బోర్లించి పెడతారు? లోయిస్ అక్క నింపి ఉంటాయనుకుంటోంది." ఈ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, కెన్నెత్‌తో సహా. నీ పుణ్యమా అని అడిగించుకున్నాను.

కొన్నాళ్లు ఉత్తరాలు వద్దు. అల్లుడికి చక్కెర వేసే ఇస్తాను, అతని తప్పేమీ లేదు.

సామ్రాజ్యం

---

కప్పగల్లు,
26 జూలై

అత్తా,

వద్దన్నా రాస్తున్నాను. చింపేసినా సరే, చదివి చింపు.

నేను హనుమక్కను ఉద్దేశించి రాసిన మాట నువ్వు తగిలించుకున్నావు. నిన్ను ముసలిదానివని ఎప్పుడన్నాను? అరవై తొమ్మిదేళ్లొచ్చాయి, ఉత్తరంలో "వాళ్లతో" అని రాస్తే "నాతో" అని చదువుతావా? సరే, తప్పయింది. ఇప్పుడు నా సంగతి విను.

మంగళవారం పొద్దున హనుమక్క ఇంట్లో బకెట్‌లో హీటరు పెట్టి స్నానానికి నీళ్లు కాచారు. స్విచ్చి ఆపి, బకెట్ నడవాలోనే వదిలేసి, హనుమక్క తువ్వాలు తెచ్చేకి పోయింది. పెద్దకొడుకు బిడ్డ చిన్ను, రెండున్నరేళ్లవాడు, వేలాడుతున్న వైరు పట్టి లాగాడు. బకెట్ బోర్లపడి ఎడమకాలు తొడదాకా కాలింది.

వాళ్లమ్మ పుట్టింట్లో ఉంది. హనుమక్క గుండెలు బాదుకుంటూ టూత్‌పేస్టు కోసం పరిగెత్తింది. ఇంకెవరో ఇంకు పూయమన్నారు. హిమజ ఏం చేసిందో తెలుసా? ఏడో నెల కడుపుతో బిడ్డను ఎత్తుకుపోయి పెరట్లో కొళాయి కింద కూర్చుంది. చన్నీళ్లు వదిలింది. "బొబ్బలెక్కుతాయే, ఇడువు!" అని అత్త కొంగు పట్టి లాగినా లేవలేదు. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నా లేవలేదు. ఇరవై నిమిషాలు ఆ నీళ్ల కిందే కూర్చుని, తర్వాత ఉతికిన మెత్తటి గుడ్డ కప్పి, "ఇప్పుడు ఆస్పత్రికి పోదాం" అందట. బళ్లారిలో డాక్టర్లు చూసి, చన్నీళ్లు పోయకపోయి ఉంటే ఇంకా లోతుగా కాలి ఉండేదన్నారు. పిల్లవాడు ఇంటికొచ్చాడు. మచ్చ పడుతుందేమో గానీ కాలు బాగుంటుంది.

కాలితే ఇరవై నిమిషాలు చన్నీళ్లు పోయమని నేను తరగతిలో చెప్పిన మాట హిమజకు ఎక్కడ చేరింది? కిటికీ బయట మెట్ల మీద! అంతా విన్నదట.

నాకు పూలదండ వేస్తారనుకుంటున్నావా? నిన్న హనుమక్క ఆస్పత్రి గడపలో నిలబడి అందరి ముందూ అంది: "నువ్వు నోరు తెరిచి కాలుతుందన్న్యావు. కాలె! నీ మాటే తగిలినాది నా మనవడికి." ఆమె భర్త కోదండరామప్ప ఎవరికో ఫోన్ చేశాడు. ఎవరో డాక్టరుగారికి ఫోన్ చేశారు. ఆయన నన్ను పిలిచి, గొడవ సద్దుమణిగేదాకా తరగతి ఆపేయమన్నాడు.

ఒక బిడ్డ కాలు దక్కింది అత్తా, దానికి నాకు ఇది బహుమతి. విసుగు కూడా రావడం లేదు, ఏడుపొస్తోంది. అటు వాళ్లు నా నోరు మంచిది కాదంటున్నారు, ఇటు నువ్వు ఒక బకెట్ మాటకు నెల రోజులుగా నాతో పలకడం లేదు. ఏం తప్పు మాట అన్నాను? నీ ఇంట్లో ఏ బిడ్డకు ఏమయిందని ఇంత కోపం?

లోయిస్

---

తోరణగల్లు,
29 జూలై

లోయీ,

అడిగావు కాబట్టి చెబుతాను. కెన్నెత్ కంటే ముందు మాకొక ఆడపిల్ల పుట్టి జ్వరంతో పోయిందని మీ నాన్న నీకు చెప్పి ఉంటాడు. జ్వరం కాదు.

1983. బళ్లారిలో మేమున్న క్వార్టర్సు. పొద్దున పది గంటలు. బట్టలు నానబెట్టడానికి బకెట్‌లో సగం నీళ్లు పట్టాను. గేటు దగ్గర ఒకతను పిలిచాడు. భార్యకు నొప్పులు వస్తున్నాయి, ఎప్పుడు తీసుకురావాలని అడిగాడు. ఎన్ని నిమిషాలకొకసారి వస్తున్నాయి, ఉమ్మనీరు పోయిందా అని విచారించాను. నర్సును కదా. ఎదుటివాళ్ల బిడ్డ సంగతి తీరిగ్గా అడిగాను. నాలుగైదు నిమిషాలు. లోపల చప్పుడు లేదు. ఆడుకుంటోందనుకున్నాను. నీళ్లలో పడిన పసిబిడ్డలు అరవరు లోయీ. ఆ సంగతి నాకు ఏ పుస్తకంలోనూ చెప్పలేదు.

నర్సు బిడ్డ ఇంట్లో బకెట్‌లో పోయిందంటే లోకం ఏమంటుందని మీ నాన్నే జ్వరమని చెప్పాడు. నా మేలు కోరే చెప్పాడు. నేనూ తల ఊపాను. ఆ తర్వాత ముప్పై ఏళ్లు కాన్పులు చేశాను. బొడ్డు సంగతి చెప్పాను, పాల సంగతి చెప్పాను, టీకాల సంగతి చెప్పాను. నీళ్ల సంగతి ఒక్క తల్లికీ చెప్పలేదు. నోరు తెరిస్తే అడుగుతారేమోనని భయం. చెప్పి ఉంటే ఎవరి బిడ్డ బతికేదో నాకు తెలియదు. దేవుడికి తెలుసు.

అందుకే మా ఇంట్లో ఏ బకెట్లోనూ నీళ్లు నిలవవు. నీళ్లు రాని రోజున స్నానం మానేస్తాం గానీ నింపి పెట్టుకోం. కెన్నెత్ నా చాదస్తమనుకున్నాడు. నువ్వు "మూతలు కొనండి" అని రాసేసరికి నాకు ఒళ్లు మండింది. నీ మీద కాదు.

రజనికి నిన్న చెప్పాను. కెన్నెత్ డ్యూటీ నుంచి వచ్చాక వాడికీ చెప్పాను. వాడు చాలాసేపు నా పక్కన కూర్చున్నాడు. ఏదో అన్నాడు, నాకు వినిపించలేదు. రాసి ఇవ్వమని అడగలేదు.

ఇక నీ పని. ఆగస్టు ఎనిమిదిన, గురువారం, తరగతి పెట్టు. నేను వస్తాను. మీ డాక్టరుతో నేను మాట్లాడతాను. ఆయన కాదన్నా నాకు వినిపించదు కాబట్టి వాదన పెట్టుకోలేడు. హనుమక్కను ఎలాగైనా రప్పించు. హిమజకు చెప్పు, అత్తను వెంటబెట్టుకుని వస్తుంది. ఇరవై నిమిషాలు కొళాయి కింద లేవని మనిషికి అది పెద్ద పని కాదు.

అత్త

---

కప్పగల్లు,
9 ఆగస్టు

అత్తా,

నిన్న నిన్ను బస్సెక్కించి వచ్చినప్పటినుంచి ఈ ఉత్తరం మనసులో రాస్తూనే ఉన్నాను. నువ్వు చెప్పి కూర్చున్నాక గదిలో ఏం జరిగిందో నీకు వినిపించలేదు. అందరి ముఖాలూ చూసి, "బాగానే విన్నట్టున్నారు" అని నాతో అన్నావు. వాళ్లేమన్నారో రాస్తాను.

ముందు డాక్టరుగారి సంగతి. ఆయన నీతో పది నిమిషాలు మాట్లాడాడు కదా, నువ్వు "చాలా సంతోషం బాబూ" అని దండం పెట్టి తిన్నగా గదిలోకి నడిచావు కదా, ఆయన ఆ పది నిమిషాలూ ఇవాళ వద్దమ్మా, ఇంకో నెల ఆగండమ్మా అని బతిమాలుతున్నాడు. తర్వాత గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. సాయంత్రం, "ఇక ఆపొద్దు సిస్టర్, ఫోన్లు వస్తే నేను చూసుకుంటాను" అన్నాడు.

నువ్వు "నాలుగైదు నిమిషాలే అమ్మా" అని కూర్చున్నాక మొదట బసవ్వ నోరు విప్పింది. "పోయినేడు మా మనవడు చీర ఊయల తెగి పడె. నెత్తికి దెబ్బ తగిల్నాది. చూసుకోల్యా అని కోడల్ని కొట్ట్యాను. ముడేసింది నేను. ఇన్నాళ్లూ చెప్పల్యా" అంది. ఆ కోడలు పక్కనే ఉంది. ముఖం తిప్పుకుని ఏడ్చింది. బసవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. నువ్వు వాళ్లిద్దర్నీ చూసి తల్లీకూతుళ్లా అని నన్నడిగింది అప్పుడే.

తర్వాత మూలన కూర్చున్న ఒక గర్భిణి, అసలెప్పుడూ మాట్లాడని పిల్ల, "నా పెద్దపాప ట్రాక్టరు వెనక ఆడుకుంటాండె. రివర్సు తీసినారు. మెళ్లో గొలుసు పట్టి లాగితి. ఒక్క అడుగులో తప్పె. ఇంటాయనకు చెప్తే తిడతాడని ఇంతవరకు చెప్పల్యా" అంది.

చివరికి మిగిలింది హనుమక్క. హిమజ ఒకసారి, "అత్తా, బావ చిన్నప్పటి సంగతి..." అని మొదలుపెడితే, "సాకు, ఇంక చాలు, నేనే చెప్తా" అంది. చెప్పింది. పెద్దకొడుకు మూడేళ్లప్పుడు నీళ్లనుకుని కిరోసిన్ తాగాడట. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడట. "గీటు పడలేదని ఊరంతా చెప్పుకుంట్ని. బిడ్డకు దెబ్బ తగిలితే తల్లిదే తప్పంటారు గదా నర్సమ్మా. అందుకే అబద్ధం చెప్తిమి. మొన్న కూడా బకెట్ వదిలింది నేనే. నీమీద వేస్తిని" అంది. క్షమించమనలేదు, ఆ మాట ఆమె నోట రాదు. కానీ వచ్చే గురువారం చిన్నును కూడా తీసుకొస్తానంది, కాలు అందరికీ చూపించేకి.

నాకు ఎంత కోపం వచ్చిందంటే నమ్మవు. ఇన్ని రోజులు నేను గొంతు చించుకుంటే ఒక్క మాట పెగల్లేదు. నువ్వొచ్చి పావుగంట కూర్చుంటే అందరి కడుపులో మాటా బయటపడింది. కోపమో ఏడుపో తెలియక పోయి బీపీ మిషను సర్దుకుంటూ నిలబడ్డాను.

అసలు మాట ఇది. అందరూ లేచాక హనుమక్క నీ దగ్గరకొచ్చి వంగి ఏదో అడిగింది. అప్పుడే ఆయా కాఫీ గ్లాసులు తెచ్చింది. నువ్వు నవ్వి, "చక్కెర వద్దమ్మా, నాకు షుగరు" అన్నావు. ఆమె తిరిగి నా వైపు చూసింది.

ఆమె అడిగింది కాఫీ గురించి కాదు అత్తా. "పాప పేరేమి?" అని అడిగింది.

నేను చెప్పలేకపోయాను. నాకూ తెలియదు. మన ఇళ్లలో ఎవరి నోటా వినలేదు. నాకు ముప్పై ఎనిమిదేళ్లొచ్చాయి, నేనూ ఎప్పుడూ అడగలేదు. వచ్చే గురువారంలోపు రాసి పంపు.

నీ లోయిస్

---

తోరణగల్లు,
10 ఆగస్టు

లోయీ,

హెప్సిబా. ప కింద స వత్తు. చర్చి పుస్తకంలో గుమాస్తా తప్పు రాస్తే మీ మామయ్య పోట్లాడి దిద్దించాడు. నువ్వు సరిగ్గా రాయి. ఇంట్లో సిబ్బీ అనేవాళ్లం.

పదిహేడు నెలలు. ఎనిమిది పళ్లు. అన్నంలో పెరుగు వేస్తే ఉమ్మేది, చారు వేస్తే తినేది. మీ నాన్న అప్పుడు కొత్త సైకిలు కొన్నాడు. ఆ గంట వినిపిస్తే చాలు, ఏ పనిలో ఉన్నా వదిలేసి "మామ, మామ" అని గేటు దాకా పరుగు. రెండుసార్లు పడేది, లేచేది, మళ్లీ పరుగు.

ఇదంతా హనుమక్కకు చెప్పు. అడిగింది కదా.

అత్త